ఫ్రాయిడ్‌ను ఎరిగినవాళ్లు బతికుండగానే వాళ్ల గడప తొక్కిన చరిత్రకారుడు: పాల్ రోజెన్

కృష్ణాతీరం (చర్చ ప్రారంభించినవారు), మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం.

రోగి చేత మాట్లాడించి మనసు లోతుల్ని వెతికే మనోవిశ్లేషణ అనే చికిత్సను మొదలుపెట్టిన వియన్నా వైద్యుడు ఫ్రాయిడ్. ఈ వేదికలో ఆయన సిద్ధాంతాల మీద చర్చలు చాలానే జరిగాయి. ఈసారి ఆయన చరిత్ర రాసినవాళ్లలో ఒకరి గురించి మాట్లాడుకుందామని ఉంది. ఆ రచయిత పాల్ రోజెన్. 1936లో బోస్టన్‌లో పుట్టాడు. 2005 నవంబరులో, అక్కడికి కూతవేటు దూరంలోని కేంబ్రిడ్జ్‌లో కన్నుమూశాడు. మనోవిశ్లేషకుడు కాదు, వైద్యుడూ కాదు. హార్వర్డ్‌లో రాజనీతి శాస్త్రం చదివి, అక్కడే పాఠాలు చెప్పాడు. నేను ముప్పై ఏళ్లు అదే శాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. ఆ చుట్టరికం కొద్దీ ఆయన పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకున్నాను. తర్వాత వదల్లేకపోయాను.

ఆయన డాక్టరేట్ పరిశోధన ఫ్రాయిడ్ రాజకీయ, సామాజిక ఆలోచనల మీద. అది 1968లో పుస్తకంగా వచ్చింది. గ్రంథాలయంలో కూర్చుని చేసుకోదగిన పనే. కానీ రోజెన్ కుర్చీలోంచి లేచి మనుషుల దగ్గరికి నడిచాడు. ఫ్రాయిడ్ పోయింది 1939లో. 1920లో ఆయన దగ్గరికి వెళ్లిన ముప్పై ఏళ్ల మనిషికి 1965 నాటికి డెబ్బై అయిదు. ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి ఎవరూ మిగలరు. ఆ కొద్ది సంవత్సరాల్లోనే రోజెన్ 70 మందికి పైగా వెతికి పట్టుకున్నాడు. వాళ్లలో పాతిక మంది ఫ్రాయిడ్ సోఫా మీద పడుకుని తమ మనసు విప్పినవాళ్లు. కొడుకు ఆలివర్, కూతురు ఆనా, కోడలు ఎస్తీ, రచనల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన స్ట్రేచీ దంపతులు కూడా ఆయనతో మాట్లాడారు.

అచ్చులో కనిపించే ఫ్రాయిడ్ వేరు, వీళ్ల జ్ఞాపకాల్లోని ఫ్రాయిడ్ వేరు. విశ్లేషకుడు అద్దంలా ఉండాలి, తన సంగతులేవీ రోగికి తెలియనివ్వకూడదు అని 1912లో రాసింది ఫ్రాయిడే. ఆయన దగ్గరికి వెళ్లినవాళ్లేమో, ఆయన చక్కగా కబుర్లు చెప్పేవాడనీ, నచ్చనివాళ్ల గురించి నిర్మొహమాటంగా మాట్లాడేవాడనీ, ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు డబ్బు సర్దేవాడనీ చెప్పారు. 1930లలో ఆ గదిలో జోఫీ అనే కుక్క కూడా పడుకుని ఉండేది. నాకు ఈ మనిషే దగ్గరివాడిగా తోచాడు.

రోజెన్‌కు పేరు తెచ్చింది, శత్రువుల్ని తెచ్చింది కూడా 1969లో వచ్చిన రెండో పుస్తకం. విక్టర్ టాస్క్ అనే శిష్యుడికీ ఫ్రాయిడ్‌కూ మధ్య జరిగిన కథ అది. చదివినవాళ్లు ఎవరైనా ఉంటే మీ అభిప్రాయం చెప్పండి. రోజెన్ న్యాయంగా రాశాడంటారా?

నీలాంబరి, మంగళవారం, రాత్రి 11:15

కృష్ణాతీరం గారూ, నేను చదివాను. అయితే నేను ఆ పుస్తకం దగ్గరికి వెళ్లింది టాస్క్ కోసం కాదు, ఫ్రాయిడ్ శిష్యురాలు హెలెన్ డాయిచ్ కోసం. తెలియనివాళ్ల కోసం ముందు కథ చెబుతాను.

టాస్క్ 1879లో పుట్టాడు. న్యాయవాదిగా, పత్రికా రచయితగా బతికి, ముప్పై ఏళ్ల వయసులో ఫ్రాయిడ్ మీది గురితో వియన్నా చేరి, వైద్యం చదవడం మొదలుపెట్టాడు. ఫ్రాయిడ్ బృందం ఆయనకు డబ్బు సాయం చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో మానసిక వైద్యుడిగా పనిచేసి, చితికిపోయి తిరిగివచ్చాడు. తనను విశ్లేషించమని ఫ్రాయిడ్‌ను అడిగాడు. ఫ్రాయిడ్ కాదన్నాడు. కాదని, హెలెన్ డాయిచ్ దగ్గరికి పంపాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. హెలెన్ ఆ రంగంలో అప్పుడప్పుడే అడుగుపెడుతున్న మనిషి. అంతకన్నా ముఖ్యం, ఆ సమయంలో ఆమె స్వయంగా ఫ్రాయిడ్ దగ్గర విశ్లేషణలో ఉంది. టాస్క్ వచ్చి గంటసేపు ఫ్రాయిడ్ గురించే మాట్లాడేవాడు. ఆమె ఫ్రాయిడ్ దగ్గరికి వెళ్లి టాస్క్ గురించి మాట్లాడేది. ఒకే ఊళ్లో ఇద్దరు మగవాళ్లు, ఒకరితో ఒకరు తేల్చుకోవలసిన మాటల్ని ఒక స్త్రీ నోటి మీదుగా చేరవేసుకున్నట్టయింది. 1919 జనవరిలో మొదలైన ఈ ఏర్పాటు మార్చిలో ముగిసింది. టాస్క్‌ను మానిపించాలి, లేదంటే నా దగ్గర నీ విశ్లేషణ ఆపుకోవాలి అని ఫ్రాయిడ్ ఆమె ముందు పెట్టాడు. ఆమె టాస్క్‌ను మానేసింది. జూలై 3న టాస్క్ ఆత్మహత్య చేసుకున్నాడు. కొద్ది రోజుల్లో పెళ్లి జరగవలసిన మనిషి.

సంస్మరణ వ్యాసం ఫ్రాయిడే రాశాడు, మర్యాదగా. కానీ ఆగస్టు 1న తన శిష్యురాలు, రచయిత్రి లూ ఆండ్రియాస్ సలోమీకి రాసిన ఉత్తరంలో, తనకు అతను లేని లోటేమీ తెలియడం లేదనీ, అతనివల్ల ఇక ప్రయోజనం లేదనీ, ముందుముందు ముప్పే అనుకున్నాననీ అన్నాడు. వాళ్లిద్దరి ఉత్తరాల సంపుటం 1966లో అచ్చయినప్పుడు ఈ మాటలు అందులో లేవు. వాటిని బయటపెట్టింది రోజెన్.

న్యాయంగా రాశాడా అన్నారు. నా మట్టుకు నాకు, ఆ మూడు నెలల్ని హెలెన్ నలభై అయిదేళ్లు గుండెలో మోసింది. ఎనభై ఏళ్ల వయసులో, అట్లాంటిక్ అవతల, ఒక కుర్రవాడు వచ్చి ఓపికగా కూర్చుంటే అప్పుడు ఆ బరువు దించుకుంది. అంతకుముందు ఎవరూ ఆమెను అడగలేదు. ఆ తర్వాత 1985లో రోజెన్ ఆమె జీవిత చరిత్ర కూడా రాశాడు. అప్పటికి ఆమె పోయి మూడేళ్లు.

సముద్రపుగాలి, బుధవారం, ఉదయం 6:50

నేను మానసిక వైద్యుణ్ణి. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నీలాంబరి గారి టపా రాత్రే చదివాను. నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే రాస్తున్నాను.

నాకు రోజెన్ మీద గౌరవం ఉంది. కానీ ఆ పుస్తకం మీద ఒక గట్టి అభ్యంతరమూ ఉంది. ఒక మనిషి ప్రాణం తీసుకున్నాడంటే దానికి ఒక్క కారణం చెప్పడం ఎంత ప్రమాదమో రోజూ చూస్తున్నాను. ఒక కుటుంబం నా ఎదుట కూర్చుని "ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉంటే బతికేవాడు కదా డాక్టరు గారూ" అని అడుగుతుంది. కాదమ్మా, ఒక్క మాటకు అంత బలం ఉండదు అని చెప్పడమే నా ఉద్యోగంలో సగం. టాస్క్‌కు యుద్ధం ఉంది, పేదరికం ఉంది, తెగిపోయిన పాత పెళ్లి ఉంది, ముందున్న కొత్త పెళ్లి భయం ఉంది. వీటన్నిటినీ రోజెన్ ప్రస్తావిస్తాడు, నిజమే. కానీ పుస్తకం మూసేసరికి పాఠకుడి చూపుడువేలు ఫ్రాయిడ్ వైపే ఉంటుంది. కథ నడిపిన తీరే అలాంటిది.

ఫ్రాయిడ్ పక్షాన నిలిచిన మనోవిశ్లేషకుడు కర్ట్ ఐస్లర్ 1971లో దీనికి జవాబుగా ఒక పుస్తకమే రాశాడు. ఆ కోపం, ఆ దూషణ నాకు నచ్చవు. 1983లో అదే విషయం మీద ఇంకొకటి రాశాడు, అంటే ఎంత నొప్పి తగిలిందో చూడండి. అయినా ఆయన అడిగిన ఒక ప్రశ్న నిలబడుతుంది: ఉత్తరంలోని నాలుగు కఠినమైన వాక్యాల్ని బట్టి ఒక మరణానికి బాధ్యత పంచగలమా?

ఇంకో మాట. టాస్క్ అనగానే అందరూ ఆయన చావు గురించే మాట్లాడతారు. 1919లోనే అచ్చయిన ఆయన వ్యాసం ఒకటి ఉంది. దూరాన ఎవరో ఒక యంత్రం పెట్టి నా ఆలోచనల్ని నడిపిస్తున్నారు అని నమ్మే రోగుల గురించి. ఆ యంత్రం ఎలా పుట్టిందో, రోగి తన శరీరాన్నే బయట చూస్తున్నాడేమో అని ఆయన చేసిన ఊహ ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. యంత్రం స్థానంలో రేడియో వచ్చింది, తర్వాత టీవీ, ఇప్పుడు సెల్‌ఫోను టవరు. నా దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పేది అదే. ఆ వ్యాసం చదివాకనైనా ఆయన్ని ఒక మంచి వైద్యుడిగా గుర్తుపెట్టుకోండి.

రేగుపళ్లు, బుధవారం, ఉదయం 10:05

నేను ఎం.ఏ. చదువుతున్నాను, ఇవన్నీ నాకు కొత్త. ఒక చిన్న సందేహం. ఫ్రాయిడే కదా, మనిషి దాచుకున్నదే మనిషిని బాధపెడుతుంది అని చెప్పింది. మరి ఆయన ఉత్తరాల్ని ఆయన మనుషులే ఎందుకు దాచారు?

పాత అక్షరం, బుధవారం, మధ్యాహ్నం 1:30

రేగుపళ్లు గారూ, చిన్న సందేహం కాదు మీది. నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. కాగితాలు దాచేవాళ్ల మనసు కొంత తెలుసు. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

1887 నుంచి 1904 దాకా ఫ్రాయిడ్ బెర్లిన్‌లోని విల్హెల్మ్ ఫ్లీస్ అనే స్నేహితుడికి ఉత్తరాలు రాశాడు. మనోవిశ్లేషణ పుట్టిందే ఆ ఉత్తరాల్లో అనవచ్చు. ఫ్లీస్ పోయాక అవి ఒక పుస్తక వ్యాపారి చేతికి వచ్చాయి. ఫ్రాయిడ్ శిష్యురాలు మేరీ బోనపార్ట్ కొన్నది. నెపోలియన్ వంశపు ఆడపడుచు ఆమె. సంగతి తెలిసి ఫ్రాయిడ్ వాటిని నాశనం చేయాలన్నాడు. గురువు మాట కాదని ఆమె దాచి ఉంచింది. ఆ ఒక్క అవిధేయత వల్ల మనకు 284 ఉత్తరాలు దక్కాయి.

కానీ 1950లో అచ్చువేసినప్పుడు ఆనా ఫ్రాయిడ్, తోటి సంపాదకులు చాలా తొలగించారు. ఏమి తొలగించారో ఒక్కటి చెబుతాను. 1895లో ఎమ్మా ఎక్‌స్టైన్ అనే యువతి ఫ్రాయిడ్ దగ్గర చికిత్సలో ఉంది. ముక్కుకూ స్త్రీల బాధలకూ సంబంధం ఉందన్నది ఫ్లీస్ నమ్మకం. ఆయన బెర్లిన్ నుంచి వచ్చి ఆమె ముక్కుకు శస్త్రచికిత్స చేసి వెళ్లిపోయాడు. ఆమెకు వాపు తగ్గలేదు, రక్తం ఆగలేదు, గదంతా దుర్వాసన. చివరికి వియన్నాలోని వేరొక వైద్యుడు ముక్కు శుభ్రం చేస్తూ, లోపల దారంలాంటిది కనబడితే పట్టుకుని లాగాడు. అర మీటరు గుడ్డ బయటికి వచ్చింది. ఫ్లీస్ లోపల మరిచిపోయిన కట్టు గుడ్డ. ఆ వెంటనే రక్తం చిమ్మి ఆమె ప్రాణం పోయినంత పనైంది. ఫ్రాయిడ్‌కు కళ్లు తిరిగి పక్క గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. ఇదంతా ఆయనే ఫ్లీస్‌కు రాశాడు. ఆ మరుసటి ఏడాది, ఆ రక్తస్రావం ఆమె మనసులోని కోరిక వల్ల వచ్చిందేమో అని కూడా రాశాడు.

1950 సంపుటంలో ఇవేవీ లేవు. ఫ్రాయిడ్ చివరి రోజుల వైద్యుడు మాక్స్ షూర్ 1966లో కొంత బయటపెట్టాడు. పూర్తి ఉత్తరాలు జెఫ్రీ మేసన్ సంపాదకత్వంలో 1985లో వచ్చాయి.

సముద్రపుగాలి గారు చెప్పిన ఐస్లరే 1950ల మొదట్లో ఫ్రాయిడ్ పత్రాల నిధిని స్థాపించినవాళ్లలో ముఖ్యుడు. సేకరించినవన్నీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పెట్టి, ఒక్కోదానికి ఒక్కో గడువు వేయించాడు. కొన్నిటికి 2102 దాకా తాళం. ఇప్పుడు చాలావరకు తెరిచారు, 2017 నుంచి ఎక్కువ భాగం ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఐస్లర్ ఉద్దేశం చెడ్డదని నేను అనను. ఆయన ఎన్నో ఇంటర్వ్యూలు చేయించి భద్రపరిచాడు, రోగుల గుట్టు కాపాడాలన్నాడు. అయితే కాపాడడానికీ పాతిపెట్టడానికీ మధ్య గీత ఎక్కడుందో ఆయన చూసుకోలేదు.

ఇక రోజెన్ సంగతి. తాళం వేసిన పెట్టె ముందు కూర్చుని ఎదురుచూడకుండా ఆయన మనుషుల దగ్గరికి వెళ్లాడు. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ హిర్స్ట్ అనే ఒక ముసలి న్యాయవాదితో మాట్లాడాడు. 1909 ప్రాంతంలో, పడుచుతనంలో ఫ్రాయిడ్ దగ్గర చికిత్స తీసుకున్నవాడు. ఆ హిర్స్ట్ ఎవరనుకుంటున్నారు? ఎమ్మా ఎక్‌స్టైన్ తోబుట్టువు కొడుకు.

రేగుపళ్లు, బుధవారం, మధ్యాహ్నం 2:10

చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అర మీటరు! ధన్యవాదాలండీ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

మంచుదారి, బుధవారం, రాత్రి 8:20

నేను టొరంటోలో ఉంటాను. రోజెన్ 1971లో హార్వర్డ్ వదిలి ఇక్కడి యార్క్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. 1995 దాకా ఇక్కడే సామాజిక, రాజకీయ శాస్త్రాలు బోధించాడు. 1975లో వచ్చిన పెద్ద పుస్తకం, ఫ్రాయిడ్‌తో పాటు ఆయన శిష్యులందరి కథ, నాకు ఇక్కడి పాత పుస్తకాల దుకాణంలో దొరికింది. నాకన్నా ముందు చదివినవారెవరో, మాట్లాడినవాళ్ల పేర్లు వచ్చిన ప్రతిచోటా పక్కన పెన్సిలుతో పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం రాసుకున్నారు. పుస్తకం సగానికి వచ్చేసరికి చూస్తే, పోయిన సంవత్సరాలు చాలావరకు అరవయ్యో దశకం చివర, డెబ్బయ్యో దశకంలో ఉన్నాయి. కృష్ణాతీరం గారు చెప్పిన లెక్క నాకు ఆ పెన్సిలు గీతల్లో కనబడింది.

మన దేశానికి సంబంధించిన ఒక తీగ కూడా ఇందులో ఉంది. ఎరిక్ ఎరిక్సన్ పేరు వినే ఉంటారు. ఆనా ఫ్రాయిడ్ దగ్గర విశ్లేషణ చేయించుకుని, కాలేజీ పట్టా ఏదీ లేకుండానే హార్వర్డ్ ఆచార్యుడైన మనిషి. అహ్మదాబాదుకు వచ్చి, 1918 నాటి మిల్లు కార్మికుల సమ్మెను, గాంధీ నిరాహార దీక్షను ఎరిగిన పెద్దవాళ్లతో మాట్లాడి గాంధీ మీద పుస్తకం రాశాడు. 1969లో వచ్చిన ఆ పుస్తకానికి పులిట్జర్ బహుమతి దక్కింది. అహ్మదాబాదులోనే ఆయనకు సుధీర్ కాకర్ పరిచయమయ్యాడు. ఇంజనీరింగు చదివిన కుర్రవాడు ఆ పరిచయంతో దారి మార్చుకుని, జర్మనీలో శిక్షణ పొంది, మన దేశంలో మనోవిశ్లేషణకు పెద్ద దిక్కయ్యాడు. 2024లో పోయారు. ఆ ఎరిక్సన్ మీద రోజెన్ 1976లో ఒక పుస్తకం రాశాడు. మెచ్చుకుంటూనే హద్దులు చూపిస్తాడు. తన గురుస్థానంలో ఉన్నవాళ్లను కూడా అలాగే చూసేవాడు.

సముద్రపుగాలి, గురువారం, ఉదయం 7:05

మంచుదారి గారు ఆనా పేరు ఎత్తారు కాబట్టి, రోజెన్ బయటపెట్టిన సంగతుల్లో నన్ను అన్నిటికన్నా కదిలించిన దాని గురించి చెబుతాను.

ఫ్రాయిడ్ తన కూతురు ఆనాను తానే విశ్లేషించాడు. 1918లో మొదలుపెట్టి సుమారు నాలుగేళ్లు, మళ్లీ 1924లో కొంతకాలం. మా వృత్తిలో సొంత కుటుంబ సభ్యులకు చికిత్స చేయకూడదన్నది మొదటి పాఠం. కలలు, కోరికలు, తండ్రి మీద ఉన్న ప్రేమ, కోపం, ఇవన్నీ ఆ తండ్రికే చెప్పుకోవాలంటే ఆ అమ్మాయి పరిస్థితి ఏమిటి? దగ్గరి బృందంలో కొందరికి తెలుసు. అచ్చులో మాత్రం 1969 దాకా ఎక్కడా లేదు. తర్వాత షికాగోలో స్థిరపడిన ఇటలీ వైద్యుడు ఎడొవార్డో వైస్, తన కొడుకును తాను విశ్లేషించవచ్చా అని అడిగితే, కూతురితో తనకు బాగానే జరిగింది, కొడుకైతే సంగతి వేరు అనే అర్థంలో ఫ్రాయిడ్ 1935లో జవాబు రాశాడు. రోజెన్ వైస్‌ను కలిశాడు, ఆ గుట్టును టాస్క్ పుస్తకంలో రాశాడు. ఆనాకు ఆయన మీద వచ్చిన కోపం మామూలుది కాదు. ఆయన్ని ఇంట్లోకి రానిచ్చి మాట్లాడిన మనిషి కదా ఆమె.

ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా రాయడం సరైనదే అంటాను. ఎందుకంటే అది ఒక ఇంటి రహస్యంతో ఆగలేదు. శిక్షణ పొందే ప్రతి విశ్లేషకుడూ ముందు తాను విశ్లేషణకు లోనుకావాలన్న నియమం అదే సంవత్సరాల్లో స్థిరపడింది. ఆ నియమం పెట్టినవాళ్ల ఇంట్లో ఏమి జరిగిందో వైద్యులకు తెలియాలి.

ఫ్రాయిడ్ లెక్కల మనిషి కూడా. 1921లో అమెరికా నుంచి వచ్చిన ఏబ్రమ్ కార్డినర్ తర్వాత రాసిన సంగతి ఇది. ఫ్రాయిడ్‌కు వారానికి 30 గంటల వీలుంది, ఒక్కొక్కరికీ ఆరు గంటలు. అంటే అయిదుగురికే చోటు. పొరపాటున ఆరుగురికి మాట ఇచ్చేశాడు. ఎవరూ వేరే వైద్యుడి దగ్గరికి వెళ్లం అన్నారు. అప్పుడు ఆనా లెక్క చెప్పిందట: అయిదార్లు ముప్పై, ఆరైదులూ ముప్పై. మర్నాటి నుంచి ఒక్కొక్కరికీ వారానికి అయిదు గంటలు! వారానికి ఆరు రోజులన్న పద్ధతి అక్కడ అయిదు రోజులకు మారిన తీరు ఇది. సిద్ధాంతం కాదు, చోటు చాలక.

మేడమీద గది, గురువారం, సాయంత్రం 5:45

రెండు రోజులుగా మౌనంగా చదువుతున్నాను. ఇప్పుడు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా తాతయ్య ఊళ్లో బడి పెట్టించినవారు. ఆయన పోయిన పదో ఏట మా బంధువులు సంస్మరణ సంచిక వేశారు. అందరూ వ్యాసాలు రాశారు. ప్రతి వ్యాసంలోనూ తాతయ్య ఒకటే మనిషి: తెల్ల పంచె, చిరునవ్వు, కోపమెరుగని గుణం. మా అమ్మమ్మ దగ్గర ఒక రేకు పెట్టె ఉండేది, నిండా తాతయ్య రాసిన కార్డులు, కవర్లు. సంచిక వేసేటప్పుడు ఆ పెట్టె ఇంట్లో పెద్దవాళ్ల చేతికి వెళ్లింది. కొన్ని ఉత్తరాలు బాగా లేవు అని వాళ్లలో వాళ్లు అనుకుని, పెరట్లో నీళ్ల పొయ్యిలో వేశారు. నాకు అప్పుడు పదమూడేళ్లు. అంచు కాలిన ఒక కార్డు ముక్క నా దగ్గర ఇంకా ఉంది. దాని మీద "నువ్వు అన్నది నిజమే, తప్పు నాది, కానీ" అని ఉంది. కానీ తర్వాత ఏముందో కాలిపోయింది.

అందుకే నీలాంబరి గారు హెలెన్ గురించి రాసినది చదివి ఏడ్చాను. మా అమ్మమ్మను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మన దేశానికి సంబంధించి నేనూ ఒకటి చెబుతాను. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే వైద్యుడు 1921లో తన గ్రంథాన్ని ఫ్రాయిడ్‌కు పంపి ఉత్తరాలు మొదలుపెట్టాడు. 1922లో భారత మనోవిశ్లేషణ సంఘం స్థాపించాడు. ఫ్రాయిడ్ ఎలా ఉంటాడో అక్కడ ఎవరికీ తెలియదు. జతీంద్ర కుమార్ సేన్ అనే చిత్రకారుడు ఊహించి ఒక బొమ్మ గీస్తే దాన్ని వియన్నాకు పంపి, మీ ఫొటో ఒకటి పంపండి అని అడిగారు. తర్వాత 1931లో, ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు దంతపు విష్ణుమూర్తిని పంపారు. లండన్‌లో ఆయన చివరిగా ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఆ విగ్రహం ఇంకా అక్కడే ఉంది. ఒకరినొకరు చూడకుండానే ఇద్దరూ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. బోస్ ఎక్కడా తలవంచలేదు, మా దేశపు మనసు వేరు అని ధైర్యంగా రాశాడు. ఆ ఉత్తరాలు దాచినవాళ్లు పుణ్యాత్ములు.

నీలాంబరి, గురువారం, సాయంత్రం 6:30

మేడమీద గది గారూ, మీ టపా చదివాక కాసేపు ఏమీ చేయలేకపోయాను. ఆ కార్డు ముక్కను జాగ్రత్తగా ఉంచండి.

కృష్ణాతీరం, గురువారం, రాత్రి 10:00

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. మేడమీద గది గారి సంస్మరణ సంచిక ప్రస్తావన నన్ను ఎర్నెస్ట్ జోన్స్ దగ్గరికి తీసుకెళ్లింది. 1953 నుంచి 1957 దాకా మూడు సంపుటాల్లో ఫ్రాయిడ్ జీవితాన్ని రాసిన శిష్యుడు. కుటుంబం ఇచ్చిన కాగితాలతో, కుటుంబం మెచ్చేలా రాశాడు. ఎంత శ్రమపడ్డాడో కాదనలేం, ఆ సంపుటాలు లేకపోతే మనకు సగం సంగతులు తెలియవు. కానీ గురువు నుంచి విడిపోయిన ప్రతివాడికీ మతి చలించిందన్నట్టు రాశాడు. ఒట్టో రాంక్ విషయంలో అంతే, షాండోర్ ఫెరెన్సీ విషయంలో అంతే. 1913లో బుడాపెస్టు వెళ్లి తాను ఎవరి దగ్గర విశ్లేషణ చేయించుకున్నాడో ఆ ఫెరెన్సీ గురించే! ఫెరెన్సీ 1933లో రక్తహీనత జబ్బుతో పోయాడు. చివరిదాకా ఆయన్ని చూసినవాళ్ల సాక్ష్యాలు సేకరించి, ఆయన బుద్ధి నిక్షేపంగా ఉందని ఎరిక్ ఫ్రామ్ అనే మరో మనోవిశ్లేషకుడు 1958లో రాశాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ.

1965లో రోజెన్ లండన్ వెళ్లి, జోన్స్ ఆ సంపుటాల కోసం పోగుచేసిన కాగితాలు చూశాడు. విశ్లేషకుడు కాని మనిషికి అవి చూసే అవకాశం దక్కడం అదే మొదలు. జోన్స్ చేతికి ఏమి వచ్చింది, పుస్తకంలోకి ఏమి వెళ్లింది అని పక్కపక్కన పెట్టి చూడగలిగాడు. 1975 పుస్తకంలో రాంక్, ఫెరెన్సీ, ఆడ్లర్, యూంగ్ లాంటి శిష్యులందరికీ విడివిడిగా చోటు ఇచ్చి, వాళ్ల కాళ్ల మీద వాళ్లను నిలబెట్టాడు. నాకు రోజెన్ ఎక్కువ నచ్చేది ఇక్కడే. టాస్క్ పుస్తకంలో సముద్రపుగాలి గారు చూపిన లోపం ఉంది, ఒప్పుకుంటున్నాను. మొన్న ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు.

నీలాంబరి, గురువారం, రాత్రి 10:50

నేను మాత్రం పూర్తిగా ఒప్పుకోను. డాక్టరు గారు ఒక మరణానికి బాధ్యత ఎలా పంచుతాం అన్నారు. రోజెన్ పంచింది బాధ్యత కాదు, వివరాలు. ఎవరు ఎవరి దగ్గరికి పంపారు, ఎప్పుడు ఆపమన్నారు, పోయాక ఏమి రాశారు. ఆ వివరాలు యాభై ఏళ్లు దాచి, ఒక్కసారిగా బయటపడితే చూపుడువేలు లేవకుండా ఎలా ఉంటుంది? తప్పు దాచినవాళ్లది.

టాస్క్ పుస్తకం పేరులోని మాట లూ ఆండ్రియాస్ సలోమీ డైరీలోది. టాస్క్‌ను ఉద్దేశించి ఆమె "సోదర మృగమా" అనే అర్థంలో రాసుకుంది. ఆయనలోని అలజడిని చూసి, ప్రేమించి, దూరం జరిగిన స్త్రీ రాసుకున్న మాట. ఆ మాటను ఎంచుకున్నవాడికి టాస్క్ కూడా ఒక చిక్కుముడి మనిషని తెలియదా?

సముద్రపుగాలి, శుక్రవారం, ఉదయం 6:40

నీలాంబరి గారూ, "దాచినవాళ్లది" అన్న మాట దగ్గర నేను మీతో ఉన్నాను. మిగతా సగం దగ్గర మనం ఇలాగే ఉందాం. హెలెన్ డాయిచ్ జీవిత చరిత్ర నేను చదవలేదు, మీ మాట మీద తెప్పించుకుంటున్నాను.

పాత అక్షరం, శుక్రవారం, ఉదయం 11:20

కొత్తగా చదవాలనుకునేవాళ్లకు నా సలహా: టాస్క్ పుస్తకంతో మొదలుపెట్టకండి. 1995లో వచ్చిన పుస్తకం ముందు చదవండి. ఫ్రాయిడ్ దగ్గర విశ్లేషణ చేయించుకున్న పదిమంది జ్ఞాపకాలు. హిర్స్ట్‌తో మొదలై స్ట్రేచీ దంపతులతో ముగుస్తుంది. 1960లలో విన్న మాటల్ని ముప్పై ఏళ్లు తనలో ఉంచుకుని, అరవైకి దగ్గరపడుతున్న వయసులో మళ్లీ తీసి రాశాడు. కుర్రతనపు దూకుడు పోయి, గొంతు నెమ్మదించింది. ఫ్రాయిడ్ మీద ప్రేమ కూడా అందులోనే ఎక్కువ కనబడుతుంది.

రేగుపళ్లు, శుక్రవారం, రాత్రి 9:15

ఒక సంగతి చెప్పాలి. మా నాన్నమ్మ చెల్లెలు, చిన్న నాన్నమ్మ, తొంభై ఒకటో ఏట ఉంది. మా ఇంట్లో ఒక పాత గొడవ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆమెకు అంతా తెలుసని అందరికీ తెలుసు. మేడమీద గది గారి టపా చదివాక ఫోను చేశాను. ఆదివారం రమ్మంది. చెవి సరిగా వినపడదు, దగ్గర కూర్చోవాలి అంది. వెళ్తున్నాను. మొదట ఏమి అడగాలో తెలియడం లేదు. గొడవ గురించే అడగనా?

మేడమీద గది, శుక్రవారం, రాత్రి 9:40

వద్దమ్మా. ముందు ఇంటి గురించి అడుగు. వంటిల్లు ఏ పక్కన ఉండేది, బావి ఎక్కడ, ఎవరు ఏ గదిలో పడుకునేవాళ్లు. ఒక కాగితం మీద ఇల్లు గీసి ఆమె చేతికి పెన్ను ఇవ్వు. మిగతాది ఆమె చెబుతుంది.